బేరానికి పెట్టిన మొక్కల క్వారంటైన్

2025 మే నెలలో జరిగిన రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది: ఆపరేషన్ సిందూర్ సమయంలో తుర్కియే ప్రభుత్వం పాకిస్తాన్‌ను బాహాటంగా సమర్థించినందుకు నిరసనగా పుణె మొదలు అనేక నగరాల పండ్ల వ్యాపారులు ఆ దేశపు ఆపిళ్లను బహిష్కరించారు. కొన్ని వార్తా ఛానెళ్లు ఆ ఆపిల్‌ను దేశద్రోహపు పండుగా ప్రకటించినంత పని చేశాయి. ఆ పండులో పురుగు ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. అడగవలసిన సందర్భం కూడా కాదది. అసలు కోపం పండు మీద కాదు కదా.

రెండవది: ముంబయి ప్రాంతంలోని కేంద్రంలో మే 8, 9 తేదీలలో వికిరణ ప్రక్రియ ముగించుకుని విమానమెక్కిన మన మామిడి పండ్లు 15 విడతలు లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, అట్లాంటా విమానాశ్రయాలలో ఆగిపోయాయి. పండ్లలో పురుగేమీ దొరకలేదు. వికిరణం జరిగిందని ధ్రువీకరించే పత్రం సక్రమంగా లేదన్నారు. వెనక్కు తీసుకుపోండి, లేదా ఇక్కడే ధ్వంసం చేయండి అన్నారు. వెనక్కు తెచ్చుకునే ఖర్చు పండ్ల ధరను మించిపోతుంది గనుక ఎగుమతిదారులు ధ్వంసానికే ఒప్పుకున్నారు. నష్టం దాదాపు 5 లక్షల డాలర్లు. ఆ పత్రం జారీ చేయవలసినది మన గడ్డ మీద కూర్చుని ప్రక్రియను పర్యవేక్షించే అమెరికా వ్యవసాయ శాఖ అధికారి. ఆయనను మన దేశంలో ఉంచే ఖర్చు భరించేది మనమే.

అమెరికా ఔన్నత్యాన్ని కీర్తించడం నా ఉద్దేశం కాదు. ఆ కాఠిన్యం వెనుక తన రైతు ప్రయోజనమూ, తన వ్యాపార ప్రయోజనమూ రెండూ ఉన్నాయి. అయినప్పటికీ కాగితంలో లోపం కనిపిస్తే పండును లోపలికి రానివ్వని వ్యవస్థను ఆ దేశం కట్టుకుంది. మన పాలకులు మాత్రం మొక్కల క్వారంటైన్‌ను ఒక కుళాయిగా చూస్తున్నారు. ఎవరి మీదనైనా ఆగ్రహం వచ్చినప్పుడు బిగించవచ్చు, ఎవరితోనైనా ఒప్పందం కుదిరినప్పుడు వదులు చేయవచ్చు. అది ఎందుకు ఉన్నదో, ఎవరి పొలానికి కాపలాగా ఉన్నదో ఢిల్లీలో గుర్తు చేసే నాథుడు లేడు.

విదేశీ పండు మన దేశంలోకి రావడానికి పాటించవలసిన నిబంధనలు కాగితం మీద బలహీనమైనవేమీ కావు. 2003 నవంబరులో జారీ అయి 2004 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ఏ పండు ఏ దేశం నుంచి రావచ్చునో షెడ్యూళ్లలో నమోదై ఉండాలి. నమోదు కావాలంటే ఆ పండుతో పాటు ఏయే చీడపీడలు రాగలవో, వస్తే ఇక్కడ బతకగలవో లేదో ముందుగా విశ్లేషణ జరగాలి. దిగుమతిదారు అనుమతి పత్రం తీసుకోవాలి. ఎగుమతి చేసే దేశపు అధికారులు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫలానా పండు ఈగ లేదు, ఫలానా పొలుసు పురుగు లేదు అని అదనపు ధ్రువీకరణ రాయాలి. అవసరమైన చోట పండును సున్నా డిగ్రీల దరిదాపుల్లో రోజుల తరబడి ఉంచి గుడ్లను, లార్వాలను చంపాలి. ఇదంతా అయిన తరువాత రేవులో మన అధికారి నమూనాగా కొన్ని పెట్టెలు విప్పి, భూతద్దం పట్టుకుని, పండు కోసి చూడాలి.

చూసేవాడు మనిషే. రేవులో శీతల కంటైనర్ ఆగి ఉన్న ప్రతి రోజుకూ దిగుమతిదారుకు అద్దె పెరుగుతూ ఉంటుంది, చెర్రీ పండ్లు వాడుతూ ఉంటాయి, అధికారి బల్ల మీది ఫోను మోగుతూ ఉంటుంది. అటువైపు మాట్లాడేవాడికి పేరుంటుంది, పలుకుబడి ఉంటుంది. పురుగు దాటిపోతే నష్టపోయే రైతుకు ఆ కంటైనర్ వచ్చిన సంగతే తెలియదు.

ఇక అదే ఉత్తర్వులోని 14వ క్లాజు సంగతి. ప్రజా ప్రయోజనం కోసం ఏదైనా సరుకు విషయంలో అనుమతి పత్రం, ఫైటోశానిటరీ సర్టిఫికెట్లకు సంబంధించిన షరతులను కేంద్ర ప్రభుత్వం సడలించవచ్చునని అది చెబుతుంది. మినహాయింపు లేని నిబంధన ఉండదు, నిజమే. కానీ మన దేశంలో మినహాయింపులు అలవాటుగా మారడానికి ఎంతో కాలం పట్టదు. విదేశీ పప్పుధాన్యాల చరిత్ర చూడండి. ఎగుమతి చేసే దేశంలోనే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టి పంపాలన్నది నిబంధన. కెనడా వంటి దేశాలు మాకు చలి ఎక్కువ, ఆ రసాయనం పని చేయదు, పైగా పర్యావరణానికి చేటు అన్నాయి. వారి వాదనలో బలం ఉంటే నిబంధన మార్చాలి, లేకుంటే అమలు చేయాలి. మనవాళ్లు రెండూ చేయలేదు. 2004 నుంచి 2017 వరకు సడలింపు గడువును పొడిగిస్తూ పోయారు. పదమూడేళ్లు తాత్కాలికంగా సాగిన ఏర్పాటును తాత్కాలికం అని పిలవడానికి చాలా ధైర్యం కావాలి.

పండ్ల విషయంలో ఈ ధోరణి ఇంకా బాహాటం. 1989 నుంచి అమెరికా మన మామిడిని రానివ్వలేదు. 2006లో బుష్ ఢిల్లీ వచ్చినప్పుడు ఒప్పుకున్నారు, 2007 ఏప్రిల్‌లో మొదటి పెట్టెలు వెళ్లాయి. అందుకు ప్రతిగా హార్లీ డేవిడ్సన్ మోటారు సైకిళ్లకు మనం తలుపులు తెరిచామని అప్పట్లో పత్రికలు ముచ్చటగా రాశాయి. పదిహేనేళ్లు గడిచాక కూడా పద్ధతి మారలేదు. 2021 నవంబరు నాటి వాణిజ్య విధాన వేదిక సమావేశం తరువాత కుదిరిన ఏర్పాటును మన వాణిజ్య మంత్రిత్వ శాఖే ‘రెండుకు రెండు’ అని వర్ణించుకుంది: ఇటు నుంచి మామిడి, దానిమ్మ, అటు నుంచి చెర్రీ, అల్ఫాల్ఫా గడ్డి. ఇది క్వారంటైన్ అనుమతుల భాష కాదు, వారపు సంత భాష. చెర్రీతో రాగల పురుగుకూ, దానిమ్మతో పోగల పురుగుకూ సంబంధమేమిటి? ఒకదాని ప్రమాదం తేలిగ్గా ఉంటే రెండవదాని కోసం ఎదురుచూడకుండా అనుమతించాలి. ప్రమాదం తీవ్రంగా ఉంటే ఎదుటివాడు ఏమిచ్చినా అనుమతించకూడదు. ఇచ్చిపుచ్చుకోవడం మొదలైన చోట విశ్లేషణ ఫలితం ముందే నిర్ణయమైపోతుంది. శాస్త్రవేత్త చేయవలసినదల్లా దానికి తగిన పేరాలు రాయడమే.

ఇటీవలి వాణిజ్య ఒప్పందాల వరస చూస్తే ఈ ఆందోళన పెరుగుతుందే గాని తగ్గదు. 2025 డిసెంబరులో న్యూజిలాండ్‌తో చర్చలు ముగిశాయి. ఆపిల్‌పై 50 శాతం సుంకాన్ని నిర్ణీత కోటా మేరకు 25 శాతానికి తగ్గించడానికి ఒప్పుకున్నారు. హిమాచల్, కాశ్మీరు రైతులు ధర గురించి ఆందోళన పడుతున్నారు. అది న్యాయమే. సుంకం తగ్గితే సరుకు పెరుగుతుంది, సరుకు పెరిగితే రేవులో విప్పి చూడవలసిన పెట్టెలు పెరుగుతాయి. ఆ పెట్టెలు విప్పే చేతులు ఎన్ని పెరిగాయని అడిగిన ప్రతిపక్ష నాయకుడు నాకు కనిపించలేదు.

మన ప్రభుత్వానికి ఆపిల్ ఎప్పుడూ ధర గానే కనిపిస్తుంది. 2015 సెప్టెంబరులో ఉన్నట్టుండి ఆపిళ్లు నవా శేవా రేవు గుండా మాత్రమే రావాలన్నారు. మిగిలిన నగరాల వ్యాపారులు గోల పెట్టారు, 2016 జనవరి వచ్చేసరికి సడలించారు. ఎన్ని రేవుల గుండా పండు రావాలన్నది నిజానికి క్వారంటైన్ సామర్థ్యాన్ని బట్టి తేలవలసిన విషయం. కానీ రెండు ఉత్తర్వులూ విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుంచి వచ్చాయి. 2019 జూన్‌లో అమెరికా ఆపిళ్లపై ప్రతీకారంగా 20 శాతం అదనపు సుంకం వేశారు, 2023 సెప్టెంబరులో జి-20 అతిథులు వస్తున్న వేళ ఎత్తేశారు. అదే ఏడాది మే నెలలో కిలో 50 రూపాయలు, అంతకు లోపు ధరకు వచ్చే ఆపిళ్ల దిగుమతిని నిషేధించారు. భూటాన్‌కు మినహాయింపు.

ఆ కనీస ధర వెనుక ఒక కథ ఉంది. ఇరాన్ ఆపిళ్లు ఆఫ్ఘన్ ఆపిళ్ల పేరుతో సుంకం లేకుండా వస్తున్నాయని కాశ్మీరు తోటల యజమానులు ఏళ్ల తరబడి ఆరోపించారు. అది నిజమైతే సుంకం ఎగవేతతో ఆగే నేరం కాదు. పండు పుట్టిన దేశం పేరు అబద్ధమైతే దానితో వచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ మొత్తం అబద్ధమే. ఒక దేశపు చీడల జాబితాను చూసి మరో దేశపు పండును లోపలికి పంపినట్టవుతుంది. ఇంతటి ఆరోపణకు సర్కారు కనుగొన్న విరుగుడు కిలోకు 50 రూపాయలు. పురుగు ధర చూసి దిగదని వాణిజ్య శాఖకు ఎవరు చెప్పాలి?

క్వారంటైన్ విభాగం అసలు పని చేయదని కూడా అనను. పురుగులు పదేపదే పట్టుబడుతున్నాయని 2017లో చైనా ఆపిళ్లను, బేరి పండ్లను ఆపింది. హెచ్చరించినా వినకుండా పొలుసు పురుగు పట్టిన సరుకు పంపుతున్నందుకు 2021 డిసెంబరులో ఇరాన్ కివీని ఆపింది. వదిలిపెడితే ఆ విభాగం తన పని తాను చేయగలదని చెప్పడానికి ఈ రెండూ చాలు. వదిలిపెట్టే చట్టం కావాలి.

ఈ సందర్భంలో లద్దాఖ్‌ను గుర్తు చేయాలి. ఆపిల్‌ను తొలిచే కాడ్లింగ్ మాత్ అనే రెక్కల పురుగు మన దేశంలో ప్రధానంగా అక్కడే స్థిరపడింది. అది పడమరకు దిగి కాశ్మీరు తోటలను పట్టకూడదని దేశీయ క్వారంటైన్ కింద లద్దాఖ్ తాజా పండ్లను దశాబ్దాల పాటు కనుమ దాటనివ్వలేదు. అక్కడి రైతు తన ఆప్రికాట్లను ఎండబెట్టి అమ్ముకున్నాడు. 2021లో గాని లద్దాఖ్ తాజా ఆప్రికాట్ దుబాయి చూడలేదు. నిబంధన సరైనదే, కాశ్మీరు తోటలు దక్కాలంటే ఎవరో ఒకరు ఆ త్యాగం చేయక తప్పదు. అయితే అదే కాడ్లింగ్ మాత్ ఇంటి పురుగుగా తిరిగే అమెరికా, తుర్కియే, ఇరాన్, న్యూజిలాండ్‌ల నుంచి ఆపిల్ ఓడల కొద్దీ వస్తుంది. వాటికి శీతల ప్రక్రియ ఉంది, ధ్రువీకరణ ఉంది, అవి నమ్మదగినవే కావచ్చు. మరి ఆ శీతల గదులు, ఆ ప్రక్రియ, ఆ ధ్రువీకరణ యంత్రాంగం లేహ్‌లోని రైతుకు ఇన్నేళ్లూ ఎందుకు సమకూర్చలేదు? విదేశీ తోట యజమానికి అనుమతి ఇప్పించడానికి ఒక రాయబార కార్యాలయం ఉంటుంది. లేహ్ రైతు తరఫున ఢిల్లీలో ఒక గుమాస్తా కూడా తిరగలేదు.

పండు మీద ఇంత చర్చ ఎందుకు, దేశంలో పెద్ద సమస్యలు లేవా అనే పాఠకులు ఉంటారు. వారు 2021 చలికాలంలో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల మిరప చేలను ఒకసారి తలచుకోవాలి. పూతలో గుంపులుగా నల్లని సన్నని పురుగులు. రైతులు నల్ల తామర అన్నారు. పూత రాలిపోయింది, కాయ పట్టలేదు. మందు మీద మందు కొట్టారు. దుకాణదారు ఏది చెబితే అది కొట్టారు. నీలి రంగు జిగురు అట్టలు చేలో కట్టారు. చివరకు ఎందరో పైరు పీకి దున్నేశారు. కౌలు ముందే చెల్లించి, ఎకరాకు లక్ష దాటిన పెట్టుబడిని అప్పు తెచ్చి పెట్టిన కౌలు రైతు ఏమైపోతాడో వేరే చెప్పనక్కరలేదు. మహబూబాబాద్ జిల్లాలో మిరప రైతుల ఆత్మహత్యలు వరుసగా పత్రికలకెక్కాయి.

ఆ పురుగు శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. పుట్టిల్లు ఆగ్నేయాసియా. మన దేశంలో మొదట కనిపించినది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. మిరపను ముంచినది 2021లో. నడుమ ఆరేళ్లు. పండు మీద వచ్చిందో, అలంకరణ మొక్కతో వచ్చిందో, ఎవరి అనుమతి పత్రం మీద వచ్చిందో ఆ రైతులకు ఏ అధికారీ వచ్చి చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత ఏ చట్టంలోనూ రాసి లేదు గనుక. గుంటూరు రైతుకు ఆ పేరు తెలిసినది పూత రాలిన తరువాతనే. దేశంలో ఒక విదేశీ పురుగు కాలు పెట్టిందని తెలిసిన రోజు నుంచి దాన్ని చుట్టుముట్టి నిర్మూలించే అధికారం, నిధి, సిబ్బంది ఉన్న సంస్థ ఒకటి ఉండి ఉంటే ఆ ఆరేళ్లు వృథా అయ్యేవి కావు. బొప్పాయి పిండినల్లి (2008, కోయంబత్తూరు), టమాట ఆకు తొలిచే పురుగు (2014, పుణె), కొబ్బరి సర్పిలాకార తెల్లదోమ (2016, పొల్లాచ్చి) ఇదే కథను ముందూ వెనకా చెప్పాయి. పార్థీనియంను మన పల్లెల్లో కొందరు వయ్యారిభామ అంటారు, కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. 1950ల నాటి అమెరికా గోధుమలతో వచ్చిందన్నది బహుళ ప్రచారంలో ఉన్న అభిప్రాయం. ఆ తరువాత ప్రభుత్వాలు ఎన్నో మారాయి, గడ్డి మాత్రం మారలేదు.

మరో ఉదాహరణ మన వంటింటికి దగ్గరది. అమెరికా వెళ్లే తల్లిదండ్రులు పెట్టెలో పచ్చి కరివేపాకు దాచుకుపోయి విమానాశ్రయంలో పట్టుబడి, ఆకు కోసం ఇంత అవమానమా అని నొచ్చుకోవడం మన తెలుగు కుటుంబాలలో తరచూ వినే ముచ్చటే. ఆ ఆకు మీద బతికే చిన్న పురుగు నారింజ తోటలకు గ్రీనింగ్ తెగులును మోస్తుంది. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో బయటపడింది. ఇరవై ఏళ్లలో అక్కడి నారింజ ఉత్పత్తి 90 శాతానికి పైగా కూలిపోయింది. ఆ అధికారికి మన చారు మీద ద్వేషమేమీ లేదు. మన దేశానికి వచ్చేటప్పుడు అదే పెట్టెలో విత్తనాలు, అంట్లు పెట్టుకొస్తే అంత పట్టుదలగా వెతికేవాడు ఎంతమందికి ఎదురయ్యాడో చదువరులే చెప్పాలి.

క్వారంటైన్ అంటే లైసెన్సు రాజ్‌కు మరో పేరనే మార్కెట్ పండితులు ఉన్నారు. విదేశీ పండు అంతా ఆపేస్తే చాలుననే స్వదేశీ వీరులు ఉన్నారు. ఇద్దరికీ ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పులే సమాధానం చెబుతాయి. ఆస్ట్రేలియా న్యూజిలాండ్ ఆపిళ్లను ఫైర్ బ్లైట్ తెగులు భయంతో 1921 నుంచి ఆపింది. తొంభై ఏళ్ల తరువాత, 2010లో, ప్రమాద విశ్లేషణకు తగిన శాస్త్రాధారం లేదని ఆ షరతులు వీగిపోయాయి. బర్డ్ ఫ్లూ పేరుతో అమెరికా కోడి మాంసాన్ని ఆపిన మనం 2015లో అదే సంస్థలో ఓడిపోయాం. మన నిషేధానికి ప్రమాద విశ్లేషణ ఆధారమే లేదని తేల్చారు. ఆ సంస్థ ధనిక దేశాల వైపు మొగ్గుతుందన్న విమర్శతో నాకు పేచీ లేదు. కానీ మన చేతిలో విశ్లేషణ పత్రమే లేనప్పుడు న్యాయమూర్తి పక్షపాతం గురించి వాదించి లాభమేమిటి? ఆవేశంతో వేసిన నిషేధం టెలివిజన్‌లో నిలుస్తుంది గాని జెనీవాలో నిలవదు. ఫైర్ బ్లైట్ మన దేశంలో లేదు. రేపు ఆ తెగులు ఉన్న దేశంతో పేచీ వస్తే చూపడానికి ఏళ్ల తరబడి సేకరించిన పరిశీలనలు కావాలి. ప్రమాద విశ్లేషకులకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది. అక్కడ నేర్చుకున్నవారి మాట వాణిజ్య చర్చల గదిలో చెల్లేలా చేయడం రాజకీయ నాయకత్వం పని.

ఇంతకూ ఈ వ్యవస్థ మొత్తం ఏ చట్టం మీద నిలబడి ఉంది? 1914 నాటి విధ్వంసక కీటకాలు, చీడల చట్టం మీద. అమెరికా పత్తితో పాటు మెక్సికో ముక్కు పురుగు వస్తుందన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 1906లో ఆ పత్తికి బొంబాయి రేవులో పొగ పెట్టించింది. ఆ జాగ్రత్తకు కొనసాగింపుగా వచ్చిన చిన్న చట్టమది. ప్రపంచ వాణిజ్య సంస్థ, శీతల కంటైనర్లు, రోజుకో దేశంతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, వీటన్నిటి బరువునూ ఆ 1914 చట్టమే మోస్తోంది. దాని స్థానంలో స్వతంత్ర ప్రాధికార సంస్థను ఏర్పరచే వ్యవసాయ జీవ భద్రత బిల్లును 2013 మార్చిలో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. 2014లో ఆ సభ రద్దుతో బిల్లు మురిగిపోయింది. ఆ తరువాత మూడు లోక్‌సభలు ఏర్పడ్డాయి. వలసకాలపు చట్టాలను తుడిచివేస్తున్నామని శిక్షాస్మృతుల పేర్లు మార్చి పండుగ చేసుకున్న ప్రభుత్వానికి ఈ వలస చట్టం కంటికి ఆనలేదు. బిల్లును తెచ్చిన పార్టీ ప్రతిపక్షంలో కూర్చుని దాని ఊసు ఎత్తదు.

ఆ బిల్లును మళ్లీ తీసుకురావాలి. కానీ ఉన్నదున్నట్టుగా కాదు. వాణిజ్య శాఖ ఆదేశాలకు లోబడని సంస్థ కావాలి. ప్రతి ప్రమాద విశ్లేషణనూ, రేవులో పట్టుబడిన ప్రతి పురుగు వివరాన్నీ ఐరోపా సంఘం మాదిరిగా నెలనెలా బహిరంగంగా ప్రచురించాలి. 14వ క్లాజు కింద సడలింపు ఇచ్చిన ప్రతిసారీ కారణం, సరుకు, లబ్ధిదారు పేరు పార్లమెంటు ముందు ఉంచాలి. దిగుమతి పండ్ల విలువపై చిన్న రుసుము వసూలు చేసి, కొత్త పురుగు వల్ల పైరు పోయిన రైతుకు, కౌలు రైతుతో సహా, పరిహారమిచ్చే నిధి ఏర్పరచాలి. పండు లాభం దిగుమతిదారుకు, పురుగు నష్టం మిరప రైతుకు అన్న ప్రస్తుత పంపకం ఏ ఆర్థిక శాస్త్రంలోనూ న్యాయం కాదు.

గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు, ఖమ్మం, మహబూబాబాద్ లోక్‌సభ సభ్యులు వేర్వేరు పార్టీలవారు. వారిలో ఒక్కరైనా రాబోయే సమావేశాలలో వ్యవసాయ మంత్రిని మూడు ప్రశ్నలు అడగవచ్చు. గత పదేళ్లలో 14వ క్లాజును ఎన్నిసార్లు, ఎవరి సరుకు కోసం వాడారు? నల్ల తామర 2015లో బెంగళూరులో కనిపించిన రోజు నుంచి 2021 వరకు కేంద్రం తీసుకున్న చర్యల ఫైలులో ఏముంది? న్యూజిలాండ్ ఆపిల్ కోటాపై సంతకానికి ముందు రేవులలోని క్వారంటైన్ సిబ్బంది చాలుతారో లేదో ఎవరైనా లెక్క వేశారా? సమాధానం వచ్చిన రోజున దానిని ఇక్కడ పూర్తిగా ప్రచురిస్తాను.